స్టీరింగ్ బాగయ్యేదాకా ఎక్కనంది

"స్టీరింగ్ బాగు చేయించేదాకా నేను ఆ జీపు ఎక్కను," అంది మా పదమూడేళ్ల పిల్ల. సైనిక్‌పురిలో నాన్న ఇంటి ముందు అందరం అనంతగిరి కొండలకి బయల్దేరుతున్న వేళ అది. నాన్న మొహం మాడిపోయింది. నాకు కోపం వచ్చింది, అదీ పిల్ల మీద.

మేముండే పరాయి దేశంలోనైతే వెనక సీట్లో వాళ్లు కూడా బెల్టు పెట్టుకుంటే గానీ నేను కారు కదిలించను. శంషాబాద్‌లో దిగానో లేదో, "ఏం కాదులే, కాస్త సర్దుకో" అనే మనిషినైపోతాను. మన దగ్గర కార్లలో ముందు సీట్లకి బెల్టులు తప్పనిసరి చేసింది 1994లో. నాన్న జీపు అంతకంటే పాతది, బెల్టు ఊసే లేదు. పైగా స్టీరింగ్ చక్రం ఇటు నాలుగు వేళ్లు, అటు నాలుగు వేళ్లు తిప్పినా టైర్లు ఉలకవు పలకవు. నాన్నకి అదే అలవాటైపోయింది.

మెకానిక్ వచ్చాడు. స్టీరింగ్ బాక్సే, అంటే చక్రం తిప్పుడుని టైర్లకి అందించే గేర్ల పెట్టే పోయిందని నాన్న వాదన. మెకానిక్ దాని జోలికే వెళ్లలేదు. ఇంజిన్ ఆపేసి, నన్ను సీట్లో కూర్చోబెట్టి చక్రం కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడించమన్నాడు. పిల్లని కిందకి వంగి చూడమన్నాడు. "ఏ జాయింట్ కాడ ఒకటి కదిలి పక్కది ఆగుతుందో చూడు బేటా."

పిల్ల పాత చాప పరుచుకుని జీపు కిందకి దూరింది. ఒక్కో జాయింట్ మీద వేళ్లు పెట్టి చూసింది. ఎడమ టైరు దగ్గర టై రాడ్ ఎండ్, అంటే స్టీరింగ్ కడ్డీని టైరుకి కలిపే జాయింట్, రబ్బరు చిరిగి, గ్రీజు ఎండి, మట్టితో గడ్డకట్టింది. "తాతా, ఇక్కడ టక్కుమంటోంది!" అని కేక. నాతో అన్నిటికీ ఇంగ్లీషులోనే జవాబిచ్చే పిల్ల. నేను మాత్రం పైనుంచి "బట్టలు పాడైపోతాయే" అంటూనే ఉన్నాను. పిల్లల్ని తాతల దగ్గర వదిలేసి మీరు మధ్యలో దూరకండని స్నేహితులకి సలహాలిచ్చేదీ నేనే.

రాణిగంజ్ నుంచి కొత్త టై రాడ్ ఎండ్‌లు తెచ్చి వేశారు. బాక్సుని ఛాసిస్‌కి, అంటే జీపు చట్రానికి పట్టి ఉంచే బోల్టులు బిగించారు. ఇంకాస్త ప్లే, అంటే చక్రం ఊరికే తిరిగే వదులు, మిగిలింది. టైర్లు తిన్నగా పెట్టి, బాక్సు మీద లాక్ నట్ వదులు చేసి, మధ్యలో స్క్రూని కొంచెం తిప్పి ఆపేశాడాయన. పూర్తిగా బిగించరేం అని అడిగింది పిల్ల. "ఫుల్ టైట్ చేస్తే టర్నింగ్ కొట్టినాక స్టీరింగ్ వాపస్ రాదు బేటా. లోపల గేర్లు కూడా అరిగిపోతయ్." తర్వాత అలైన్‌మెంట్.

అడగాలనిపిస్తే అడుగు, భయపడకు అని దానికి ఇన్నేళ్లూ నూరిపోసింది నేను. తీరా అది మా నాన్న ముందు నోరు విప్పితే పరువు పోయినట్టయింది. స్కూల్లో టీచర్‌ని నిలదీస్తే మురిసిపోయి అందరికీ చెప్పుకుంటానే, మరి గేటు ముందు ఏమైంది నాకు? అసలు ఎవరి ముందు ఎంత మాట్లాడాలో దానికి నేనెప్పుడైనా సరిగ్గా చెప్పానా? చెప్పడానికి నాకైనా తెలుసా?

ఇప్పుడు నాన్న కొత్త పాట ఎత్తుకున్నారు. కాలనీ వెనక ఖాళీ జాగాలో మనవరాలికి డ్రైవింగ్ నేర్పుతారట. కుదరదన్నాను. మైనర్ రోడ్డు మీద నడిపి దొరికితే, 2019 సవరణ ప్రకారం పెద్దవాళ్లకి 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని కూడా చెప్పాను.

"నువ్వు ఈ జీపు మీదే, దీనికంటే చిన్నప్పుడే నేర్చుకున్నావ్ కదా," అన్నారు నాన్న.

పిల్ల నా వైపు తిరిగింది. "అప్పట్లో ట్రాఫిక్ తక్కువ," అన్నాను.

ఖాళీ జాగాలో ట్రాఫిక్ ఏంటని ఇద్దరూ ఒకేసారి అడిగారు.