రెండూ ముప్పావు అని రాసుంటే సరిపోయేది

మా పాపకు పదేళ్లు, పుట్టి పెరిగిందంతా జర్మనీలోనే. తిరుపతి నుంచి మా అమ్మ ఫోన్ చేసి "ఎంత ఎత్తయినావు అమ్మీ?" అంటే "నూట నలభై అవ్వా" అంటుంది. అడుగుల్లో చెప్తే తప్ప మా అమ్మకు పిల్ల కళ్ల ముందుకు రాదు, పాపకేమో అడుగంటే నడిచేటప్పుడు వేసేది మాత్రమే. మధ్యలో నేను 140ని 2.54తో భాగించి, వచ్చిన 55 అంగుళాలను 4 అడుగుల 7 అంగుళాలు చేసి చెప్పాలి.

పోయిన వేసవిలో మా తమ్ముడి పెళ్లికి పట్టు పావడ కుట్టించాలన్నారు. గాంధీ రోడ్డులో గుడ్డ మీటర్లలో కొన్నారు, పక్క సందులో టైలరు కుట్టేది అంగుళాల్లో, ఇది మనవాళ్లకెవరికీ వింతగా ఉండదు. ఇక్కడ పాప నడుము నుంచి కొలిస్తే 84 సెంటీమీటర్లు వచ్చింది. నేను తెలివిగా ఫోన్‌లో లెక్కేసి "పొడవు 2.75 అడుగులు" అని మెసేజ్ పెట్టాను. అమ్మ దాన్ని రెండడుగుల ఏడున్నర అంగుళాలని చదివింది! అడుగుకు పన్నెండు అంగుళాలు కదా, ముప్పావు అడుగంటే తొమ్మిది. 33 రావాల్సింది 31న్నర అయింది.

పెళ్లికి రెండు రోజుల ముందు వేసి చూస్తే పట్టీలు దాటి పైకి కనిపిస్తోంది. "రెండూ ముప్పావు అని తెలుగులో రాసుంటే నాకు తెలిసేది కదే" అని అమ్మ నన్నే తిట్టింది, అదీ నిజమే. నయం, పెరిగే పిల్లని టైలరు లోపల రెండంగుళాలు మడిచి కుట్టాడు. బ్లేడుతో కుట్టు విప్పి, తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసినా పాత మడత గీత జరీ పైన సన్నగా ఉండిపోయింది.

టైలరు కొలతల టేపు పాపకు తెగ నచ్చేసింది, ఒకవైపు అంగుళాలు, తిప్పితే సెంటీమీటర్లు. పూలమ్మే ఆమె మల్లెలు మూరేసి ఇస్తుంటే ఆమె చేతికే టేపు పెట్టింది, 43 వచ్చింది. ఇంటికొచ్చి అవ్వ చేతిని కొలిస్తే 46. అంగుళం కచ్చితంగా 2.54 సెంటీమీటర్లని 1959లో అమెరికా, బ్రిటన్ లాంటి దేశాలు ఒప్పుకున్నాయి గానీ, మూర సంగతి ఎవరూ తేల్చలేదు. (జర్మనీలో కూడా టీవీల సైజు అంగుళాల్లో చెప్తారు, అది వేరే సంగతి.) మా అమ్మ మాత్రం "చూసినావా, రోజూ మూడు సెంటీమీటర్లు మోసపోతున్నా" అని మర్నాడు పూలామెతో గొడవకు దిగింది.

తిరిగొచ్చే ముందు టైలరు దగ్గరికి వెళ్తే, "ఈ లెక్కలన్నీ ఎందుకు మేడమ్, ఆది పావడ ఒకటి ఇచ్చి పోండి" అన్నాడు. ఇచ్చి వచ్చాం. వచ్చే ఏటికి ఎంత పెరుగుతుందో చెప్పమంటే పాప "ఐదు" అంది, టైలరు అంగుళాలనుకుని ఉలిక్కిపడ్డాడు.