తెల్లజెండా దగ్గర బోల్తా పడ్డాను

నిన్ననే రేసింగ్ లైసెన్సు పరీక్ష పాసయ్యాను. రెండోసారికి. మొదటిసారి ఎందుకు పోయిందో చెప్పుకుంటే నామోషీయే కానీ, ఆ మంట ఇంకా చల్లారలేదు.

ఉద్యోగానికి ఎడిన్‌బరో వచ్చాక నాకు పట్టిన పిచ్చి రేసు డ్రైవర్ అలన్ మెక్‌నిష్. ఇక్కడి స్కాట్లండ్‌లోనే డంఫ్రీస్ ఊరివాడు, కార్టింగ్‌తో, అంటే చిట్టి కార్ల రేసులతో మొదలుపెట్టాడు. ఫార్ములా వన్‌లో 2002లో టొయోటాకి ఒక్క సీజన్ నడిపాడు, ఒక్క పాయింటూ రాలేదు. అదే మనిషి లె మాన్ 24 గంటల రేసు మూడుసార్లు గెలిచాడు: 1998లో పోర్షేతో, 2008, 2013లలో ఆడీతో. ఆయన్ని ఫార్ములా వన్ లెక్కతో కొలిచేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ పిచ్చితోనే లైసెన్సుకి దిగాను. ఫారాలు, ఫీజు ఒక సాయంత్రంలో అయిపోయాయి. ట్రాక్ మీద పరీక్షా అంతే. పక్క సీట్లో కూర్చున్నాయన చూసేది వేగం కాదు, ప్రతి ల్యాపూ (ట్రాక్ చుట్టూ ఒక రౌండు) ఒకేలా, అదుపులో నడుపుతున్నామా అని. నాకు ఒక్క వంక పెట్టలేదు. ఈ ముక్క ఆఫీసులో అందరికీ చెప్పాను.

రాత పరీక్షలో టిక్కులు పెట్టడమే. కానీ జెండాల భాగంలో ఒక్కటి తప్పినా గోవిందా. పదిహేనేళ్లుగా టీవీలో రేసులు చూస్తున్నవాణ్ణి, నాకు జెండాలేంటని పుస్తకం తెరవలేదు. తెల్లజెండా ఊపితే? చివరి ల్యాపు. టిక్కు.

దిద్దినాయన నన్ను పక్కకైనా పిలవలేదు. అందరి ముందే ఆ గడి మీద పెన్ను ఆనించి, "ఇది మీకెవరు చెప్పారు?" అన్నాడు. "టీవీ" అనేశాను. వెనక బెంచీలో పదిహేడేళ్ల కుర్రాడొకడు కిసుక్కుమన్నాడు. అమెరికా రేసుల్లో తెల్లజెండా అంటే చివరి ల్యాపే, నేను చూసేవి అవే. ఇక్కడ మాత్రం ముందు ఏదో బండి బాగా నెమ్మదిగా పోతోందని అర్థం. అంటే నేను యాక్సిలరేటర్ తొక్కి అంబులెన్సు మీదికి పోయేవాణ్ణి.

2011 లె మాన్‌లో మెక్‌నిష్ కారు, అదే రేసులో నడిచే నెమ్మదైన క్లాసులోని ఫెరారీకి తగిలి, అడ్డగోడకు కొట్టుకుని ముక్కలైంది. ఆయన చిన్న గాయాలతో బయటపడ్డాడు. ఆ వీడియో వందసార్లు చూసి కూడా వేగాల తేడా ఏం చేస్తుందో నా బుర్రకెక్కలేదు.

మళ్లీ తేదీ కోసం ఫోన్ చేస్తే ఎత్తే దిక్కు లేదు. మీరైతే మెయిల్ పెట్టండి. ఈలోగా నాక్‌హిల్ అనే ఇక్కడి రేస్ ట్రాక్‌లో రేసుకి వెళ్లి, కార్లను వదిలేసి, జెండాలు చూపించే మార్షళ్ల చేతులే చూస్తూ కూర్చున్నాను. నీలంజెండా ఊపకుండా పట్టుకుంటే వెనక కారు దగ్గర్లో ఉందని, ఊపితే దాటబోతోందని. ఇంతకాలం రెండూ ఒకటే అనుకున్నాను.

నిన్న దిద్దింది మళ్లీ ఆయనే. పేపరు ఇవ్వగానే మిగతావి వదిలేసి ముందు జెండాల పేజీ తిప్పాడు. తెల్లజెండా దగ్గర పెన్ను ఆపి నా మొహం చూశాడు. ఈసారి నేనేం మాట్లాడలేదు.