కాఫీ తాగొచ్చానని స్కాన్ చేయకుండా పంపేశారు

గుండెపోటు వచ్చింది, స్టెంట్ వేశారు, నాలుగో రోజున ఇంటికొచ్చాను. అదంతా సాఫీగానే జరిగిపోయింది. నన్ను ఏడిపించింది కాఫీ.

ఇంటికి రాగానే కాఫీ ఫిల్టర్ అటకెక్కింది. "గుండెకి విషం బావా" అని మా బావమరిది తీర్పిచ్చాడు. ఆయనది వాట్సాప్ వైద్యం. డాక్టరుగారేమో రెండు చిన్న కప్పుల వరకు ఫర్వాలేదు, దడగా ఉంటే మానేయండి అన్నారు. ఆ మాట ఫోన్లో స్పీకర్ పెట్టి మరీ వినిపించాను.

రెండు నెలలకి, శ్రమ పడ్డప్పుడు గుండెకి రక్తం సరిగ్గా అందుతోందో లేదో చూసే స్కాన్ రాశారు. మోకాళ్ళ నొప్పులతో ట్రెడ్‌మిల్ ఎక్కలేను కాబట్టి ఇంజక్షన్ ఇచ్చి చేస్తారట. చీటీలో 'ఖాళీ కడుపుతో రావాలి' అని ఒక్క ముక్క. పదకొండింటికి కదా అని, తెల్లవారుజామున నాలుగున్నరకే అరగ్లాసు కాఫీ తాగేసి వెళ్ళాను.

గౌను తొడిగి, చేతికి సూది గుచ్చాక అడిగిందా అమ్మాయి, "కాఫీ, టీ ఏమన్నా తాగారా?" అని. చెప్పాను. "చదువుకున్నవాళ్ళే ఇలా చేస్తే ఎలాగండీ!" అని గట్టిగా అరిచింది. బెంచీల మీద వాళ్ళంతా నా వైపే. ముప్పై రెండేళ్ళు లెక్కల మాస్టారుగా పిల్లల్ని నిలబెట్టినవాణ్ణి, వెనకాల విడిపోతున్న గౌను చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

ఓ కుర్ర డాక్టరు వివరించాడు. ఆ ఇంజక్షన్ అడినోసిన్. గుండె రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది. అది పనిచేసే చోట కెఫీన్ ముందే తిష్ఠ వేస్తే మందు పారదు, లోపం ఉన్నా స్కాన్‌లో కనిపించకపోవచ్చు. ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు. అందుకని కనీసం 12 గంటలు, చాలాచోట్ల 24 గంటలు మానమంటారు. టీ, కోలా, చాక్లెట్, ఆఖరికి కెఫీన్ తీసేసిన కాఫీ కూడా కుదరదు. ఇదంతా చీటీలో వేయడానికి ఎంత సిరా కావాలి? పైగా స్కాన్‌లో గుండె కనబడేందుకు నా కోసం తెప్పించిన రేడియోధార్మిక మందు 6 గంటలకే సగమైపోతుందట, రేపటికి పనికిరాదని దాని డబ్బు నా చేతే కట్టించుకున్నారు! రసీదు దాచాను.

రెండోసారి ముందురోజంతా కాఫీ లేదు. సాయంత్రానికి తల పగిలిపోయింది. మాత్ర వేసుకుందామని చూస్తే దాంట్లోనూ కెఫీనే! తలకి గుడ్డ కట్టుకుని పడుకున్నాను. స్కాన్ అరపూటలో అయిపోయింది.

మొన్న చెకప్‌కి వెళ్తే ఇంకా ఆ పాత చీటీలే ఇస్తున్నారు. పక్కనున్న పెద్దాయన దగ్గర చీటీ తీసుకుని, 'ముందురోజు నుంచి కాఫీ, టీ వద్దు' అని నా పెన్నుతో రాసిచ్చాను.