ఫినాస్టెరైడా, డ్యుటాస్టెరైడా? తేల్చుకునేసరికి తలప్రాణం తోకకొచ్చింది

నడినెత్తి పల్చబడింది, నుదురు వెనక్కి జరిగింది. మా నాన్నదీ ఇదే వరస. థైరాయిడ్, ఐరన్ పరీక్షలు మామూలుగానే వచ్చాయి. మగవాళ్ళకి వంశపారంపర్యంగా వచ్చే బట్టతలే అని తేలిపోయింది. ఇంతవరకు సాఫీ.

అసలు గొడవ మందుల దగ్గర మొదలైంది. గట్టి ఆధారాలున్నవి వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. మినాక్సిడిల్ ఒకప్పటి బీపీ మాత్ర. మింగినవాళ్ళకి ఒంటి మీద వెంట్రుకలు పెరుగుతుంటే చూసి నెత్తికి రాసే మందు చేశారు, 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఫినాస్టెరైడ్ 5 మిల్లీగ్రాముల బిళ్ల 1992లో ప్రోస్టేట్ వాపు కోసం వచ్చింది, జుట్టు కోసం 1 మిల్లీగ్రాము బిళ్ల 1997లో. డ్యుటాస్టెరైడ్ కూడా ప్రోస్టేట్ మందే. జుట్టుకి దాన్ని దక్షిణ కొరియా, జపాన్ ఒప్పుకున్నాయి, అమెరికా ఒప్పుకోలేదు. అయినా డాక్టర్లు రాస్తూనే ఉన్నారు.

మొదట చూపించుకున్న స్కిన్ డాక్టరు నా నెత్తి మీద కెమెరా ఆనించి, తెర మీద చూపిస్తూ, పక్కనున్న ఇద్దరు జూనియర్లకి పాఠం ఎత్తుకున్నాడు. నేను చీటీ మీద రాసుకెళ్ళిన ప్రశ్న ఒక్కటే. ఫినాస్టెరైడ్‌తో కోరిక తగ్గుతుందంటారు, ఎంతమందికి తగ్గుతుంది? గొంతు తగ్గించే అడిగాను. ఆయన పెన్ను కింద పెట్టి, తలుపు అవతలున్నవాళ్ళకి కూడా వినపడేలా, "పెళ్ళయిందా? పిల్లలున్నారా? మరింకేం భయం!" అన్నాడు. జూనియర్లలో అమ్మాయి తల దించుకుంది. కుర్రాడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నా చెవులు వేడెక్కిపోయాయి. తెర మీద నా నెత్తి మాత్రం ఇంత పెద్దగా అలాగే కనపడుతోంది. ఆయన డ్యుటాస్టెరైడ్ గీకేసి "తర్వాత ఎవరు?" అని కేక వేశాడు. చీటీ జేబులో పెట్టుకుని బయటికొచ్చాను. ఎదురుగా కూర్చున్నవాళ్ళ మొహాలు చూడలేదు.

ఆ జవాబు మందుతో వచ్చే కాయితంలోనే ఉంది. జుట్టు కోసం చేసిన పరీక్షల్లో ఏదో ఒక లైంగిక ఇబ్బంది ఫినాస్టెరైడ్ వేసుకున్నవాళ్ళలో 3.8 శాతం మందికి, ఉత్తుత్తి బిళ్ల వేసుకున్నవాళ్ళలో 2.1 శాతం మందికి వచ్చింది. చాలామందికి మానేస్తే పోతుంది. మానేసినా పోలేదని చెప్పినవాళ్ళూ ఉన్నారు. దిగులు కమ్మేస్తే, చచ్చిపోవాలన్న ఆలోచనలొస్తే మందు ఆపి డాక్టరుకి చెప్పాలి. ఇంతే కదా, చెప్పడానికి అర నిమిషం చాలు. అడిగినవాణ్ణి నవ్వులపాలు చేస్తే వాడు ఇంకోసారి నోరు విప్పడు, ఇబ్బంది వచ్చినా చెప్పడు. అంత చదువు చదివినవాళ్ళకి ఈ మాత్రం తట్టకపోతే ఎట్లా?

రెండో డాక్టరమ్మ వయసులో చిన్నది, ఓపికలో పెద్దది. టెస్టోస్టెరాన్‌ని, జుట్టు కుదుళ్ళని కుంచించే డీహెచ్‌టీ అనే హార్మోన్‌గా మార్చే ఎంజైమ్‌ని ఈ రెండు మందులూ అడ్డుకుంటాయట. ఫినాస్టెరైడ్‌తో రక్తంలో డీహెచ్‌టీ దాదాపు 70 శాతం, డ్యుటాస్టెరైడ్‌తో 90 శాతం పైన తగ్గుతుంది. జుట్టు విషయంలో డ్యుటాస్టెరైడ్‌దే కొంచెం పైచేయి. "అయితే అదే రాయండి" అన్నాను.

"మీరు రక్తదానం చేస్తారా?" అని అడిగింది.

చేస్తానండీ, కాలేజీ రోజుల నుంచి చేస్తున్నాను, నాది ఓ నెగెటివ్. ఈ మందులు వాడినన్నాళ్ళూ రక్తం ఇవ్వకూడదట. గర్భిణికి ఎక్కిస్తే కడుపులోని మగబిడ్డకి ప్రమాదం. ఫినాస్టెరైడ్ మానేశాక ఒక నెల ఆగాలి, డ్యుటాస్టెరైడ్ అయితే 6 నెలలు, ఎందుకంటే అది అంత త్వరగా ఒంట్లోంచి పోదు. ఇబ్బంది వచ్చి ఆపినా అదే తంతు, వారాల తరబడి లోపలే ఉంటుంది. నాకు తేల్చుకోవడానికి ఆ మాట చాలింది. మొదటి పెద్దమనిషి ఈ ప్రశ్న అడగనే లేదు!

ఫినాస్టెరైడ్ 1 మిల్లీగ్రాము, రాసుకోవడానికి 5 శాతం మినాక్సిడిల్. మింగే మినాక్సిడిల్ వద్దంది, నాకు అప్పుడప్పుడు గుండెదడ ఉంది. రాయడం మొదలుపెట్టిన కొన్ని వారాలకి జుట్టు మరింత రాలింది. ముందే చెప్పింది కాబట్టి సీసా పారెయ్యలేదు. ఇప్పుడు నడినెత్తి బాగా నిండింది. కణతల దగ్గర ఎక్కడిదక్కడే. ఏడాది కాకుండా తీర్పు చెప్పకండి, ఒకే వెలుతురులో ఫొటోలు తీసి పెట్టుకోండి. మానేస్తే వచ్చినదంతా ఏడాదిలోపు పోతుంది. ప్రోస్టేట్ కోసం పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష చేయించుకుంటే ఫినాస్టెరైడ్ సంగతి చెప్పండి, ఆ అంకెని సగానికి దించేస్తుంది.

నన్ను చూసి మా తమ్ముడు ప్రోస్టేట్‌కిచ్చే 5 మిల్లీగ్రాముల బిళ్లని నాలుగు ముక్కలు చేసుకుని వాడతానంటున్నాడు. మరదలు ఇప్పుడు కడుపుతో ఉంది. విరిగిన బిళ్లని గర్భిణి ముట్టుకోకూడదు. ముందు డాక్టరుకి చూపించుకో, వాడాల్సి వస్తే పైన పూత ఉన్న 1 మిల్లీగ్రాము బిళ్లే తెచ్చుకో, విరగ్గొట్టకు అని నిన్న ఫోన్లో గట్టిగానే చెప్పాను.