నల్లగీత కింద నంబరు అలాగే ఉంటుంది

గుర్తింపు కార్డు కాపీ పంపమంటే కాస్త జాగ్రత్త తెలిసినవాళ్లు నంబరు మీద నల్లగీత గీసి పంపుతారు. మంచి అలవాటే, కానీ చాలాసార్లు ఆ గీత ఉత్త అలంకారం. 2019 జనవరిలో అమెరికాలో, ట్రంప్ ఎన్నికల ప్రచారాన్ని ఒకప్పుడు నడిపిన పాల్ మానఫోర్ట్ లాయర్లు కోర్టులో వేసిన పీడీఎఫ్‌లో నల్లగా కప్పిన వాక్యాలను విలేకరులు కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే మొత్తం చదవడానికి వచ్చేశాయి. లాయర్ల ఆఫీసులోనే ఇలా జరిగితే మన ఫోన్ల సంగతి చెప్పేదేముంది!

కారణం చిన్నదే. పీడీఎఫ్‌లో మీరు పెట్టిన నల్ల డబ్బా అక్షరాల పైన ఇంకో పొర మాత్రమే. కింద ఉన్నది కిందే ఉంటుంది. స్కానింగ్ యాప్‌లతో ఇంకో చిక్కుంది. అవి కార్డులోని అక్షరాలను గుర్తుపట్టి, వెతుక్కోవడానికి వీలుగా కంటికి కనబడని అక్షరాల పొర ఒకటి ఫైల్లో పెడతాయి. బొమ్మ మీద ఎంత నలుపు పూసినా నంబరు ఆ పొరలో ఉండిపోతుంది. ఫోన్లోని మార్కర్ పెన్ సగం పారదర్శకంగా ఉంటుంది కాబట్టి బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ పెంచితే అంకెలు తేలతాయి. మసకబార్చడం, గళ్లు గళ్లుగా చేయడం కూడా నమ్మదగ్గవి కావు. అంకెలు పదే, అక్షరాల ఆకారమూ తెలిసిందే. ఒక్కో అంకెనీ అలాగే మసకబార్చి పోల్చి చూసుకుంటూ పోతే నంబరు దొరికే అవకాశం ఉంది.

కత్తిరించడం కూడా ఎప్పుడూ క్షేమం కాదు. గూగుల్ పిక్సెల్ ఫోన్లలో స్క్రీన్‌షాట్లు దిద్దే మార్కప్‌లోనూ, విండోస్ 11లో స్క్రీన్‌షాట్లు తీసే స్నిప్పింగ్ టూల్‌లోనూ ఉన్న లోపం 2023లో బయటపడింది: కత్తిరించేసిన భాగం ఫైలు చివర మిగిలిపోయేది. తర్వాత సరిచేశారు, కానీ అప్పటికే పంపిన ఫైళ్లను ఎవరూ సరిచేయలేరు.

అందుకే నా ఓటు పాతకాలపు పద్ధతికే. ఫొటో తీయకముందే దాచాల్సిన చోట దళసరి నల్ల కాగితం ముక్క పెట్టండి. కెమెరా చూడనిదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. పల్చటి తెల్లకాగితం వద్దు, వెలుతురుకి అచ్చు కనిపిస్తుంది.

కార్డు చేతిలో లేక పాత స్కానే ఉంటే క్రమం ఇది: పీడీఎఫ్‌ని ముందు బొమ్మగా మార్చండి, పూర్తిగా నలుపుతో నిండిన దీర్ఘచతురస్రం పెట్టండి, వాటర్‌మార్క్ (కాపీ ఎవరికి, దేనికో బొమ్మ మీదే పలచగా రాసే అక్షరాలు, వివరం కింద చెప్తాను) వేయండి, ఆ ఫలితాన్ని స్క్రీన్‌షాట్ తీయండి, పీడీఎఫే కావాలంటే ఆ స్క్రీన్‌షాట్‌ నుంచి కొత్తది చేయండి, అక్షరాలు గుర్తించే సౌకర్యం ఆపేసి. స్క్రీన్‌షాట్ వల్ల అసలు ఫొటోలో దాగి ఉండే తీసిన చోటు, సమయం వంటి వివరాలూ వెంట రావు. పంపేముందు ఫైలు తెరిచి అంతా సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. ఏమీ రాకూడదు. ఫైలు పేరులో నంబరు లేకుండా చూసుకోండి, దీన్ని మరిచిపోయేవాళ్లు ఎక్కువ.

ఏం దాచాలన్నది ఎందుకు అడిగారన్నదాన్ని బట్టి. వయసు రుజువుకి పేరు, ఫొటో, పుట్టినతేదీ చాలు. చిరునామా రుజువుకి పేరు, చిరునామా చాలు. నంబరు కార్డు మీద ఒక్కచోటే ఉండదు, వెనకవైపూ చూడండి. క్యూఆర్ కోడ్, బార్‌కోడ్ వదిలేస్తే దాచినవన్నీ స్కానర్ చదివేయవచ్చు. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున ఒక్కోటి 44 అక్షరాల చొప్పున రెండు వరసలు ఉంటాయి, చిన్న బాణం గుర్తులతో. పేరు, పాస్‌పోర్టు నంబరు, పుట్టినతేదీ, గడువు తేదీ అన్నీ అక్కడ మళ్లీ ఉన్నాయి. పైన నంబరు కప్పి ఈ వరసలు వదిలేస్తే కప్పనట్టే. పైగా చాలా పాస్‌పోర్టుల్లో మీ వివరాలు దాచి ఉంచే ఎలక్ట్రానిక్ చిప్‌ను తెరిచే తాళంచెవి ఈ నంబరు, ఈ రెండు తేదీల నుంచే తయారవుతుంది. సంతకం అడగకపోతే అదీ కప్పేయండి.

బ్యాంకుల్లాంటి సంస్థలు చట్టం ప్రకారం పూర్తి కాపీ తీసుకోవాల్సి వస్తే కప్పిన కాపీని తిప్పి పంపుతాయి. అక్కడ వాదించి లాభం లేదు. వాళ్ల సొంత సైట్ చిరునామా మీరే టైప్ చేసి వెళ్లి, అక్కడే అప్‌లోడ్ చేయండి.

వాటర్‌మార్క్‌లో మూడు సంగతులు ఉండాలి: ఎవరికి, దేనికి, ఏ తేదీన. "ఫలానా సంస్థకు అద్దె ఒప్పందం కోసం మాత్రమే" అని రాసి తేదీ వేయండి. అంచున ఒక మూల వేస్తే కత్తిరించేస్తారు. ఫొటో మీదుగా, అక్షరాల మీదుగా ఏటవాలుగా, రెండు మూడు సార్లు, 30 నుంచి 40 శాతం గాఢతతో వేయండి. తీసేయడం అసాధ్యమని కాదు. కానీ ముఖం మీది గీతల్ని చెరిపితే ముఖమూ కొంత చెడుతుంది. కాపీ బయటకి పొక్కితే ఎక్కడి నుంచో తెలుస్తుంది కూడా.

కార్డు పట్టుకుని సెల్ఫీ పంపమంటే మరీ ఆలోచించండి. మీ పేరుతో ఖాతా తెరవడానికి ఇంతకంటే అక్కరకొచ్చే ఫొటో ఉండదు. తప్పదంటే పక్కనే గ్రహీత పేరు, తేదీ చేత్తో రాసిన కాగితం పట్టుకుని, అది కార్డు అంచుని కొంచెం కప్పేలా తీయండి.

పంపేటప్పుడు ఫైలుకి పాస్‌వర్డ్ పెట్టి, పాస్‌వర్డ్‌ని వేరే దారిలో, అంటే ఫైలు మెయిల్లో అయితే ఇది ఫోన్లో చెప్పండి. పుట్టినతేదీ పాస్‌వర్డ్‌గా పెట్టవద్దు. పీడీఎఫ్‌లో 'ఎడిట్ చేయకూడదు' అనే అడ్డు మాత్రమే పెడితే చూడ్డానికి ఏ అడ్డూ ఉండదు. తెరవడానికే పాస్‌వర్డ్ అడగాలి. క్లౌడ్ లింక్ అయితే ఆ ఒక్క మెయిల్ చిరునామాకే అనుమతి ఇచ్చి, పని కాగానే తీసేయండి.

పని అయ్యాక గ్యాలరీ, పంపిన మెయిళ్లు, చాట్, ఆటోమేటిక్‌గా ఎక్కే క్లౌడ్ బ్యాకప్, అన్నిచోట్లా తుడవాలి. గ్యాలరీలో తుడిచింది ట్రాష్‌లో ఇంకొన్ని వారాలు ఉంటుంది, దాన్నీ ఖాళీ చేయండి. అవతలివాళ్లు కాపీ ఎన్నాళ్లు ఉంచుకుంటారో, ఎప్పుడు తీసేస్తారో పంపేముందే మెయిల్లో అడిగి జవాబు దాచుకోండి, పంపేశాక అడిగితే పట్టించుకునేవాళ్లు తక్కువ.