రొయ్యలు ఎనిమిది దాటడం లేదు

మళ్లీ అదే జరిగింది. పొద్దున ఏడున్నరకు పడవలోని పెట్టెలో గంతులు వేస్తున్న ఎర రొయ్యలు ఎనిమిదిన్నరకల్లా అడుగున పక్కకు ఒరిగి పడి ఉన్నాయి. సరిగ్గా పోటు ఊపందుకుని, మడ చెట్ల వేర్లలోకి నీరు ఎక్కి, పండుగప్ప కదిలే వేళకు నా దగ్గర బతికున్న ఎర లేదు. ఈ కండలేరు ఉప్పుటేరులో చచ్చిన రొయ్యకు జెల్లలు, పీతలు తప్ప వేరే గిరాకీ ఉండదు. జెల్లను గాలం నుంచి విడిపించడం ఎంత శిక్షో దాని ముల్లు గుచ్చుకున్నవారికి చెప్పనక్కరలేదు.

మంచి వార్త ఒక్క ముక్కలో: వెలుగు రాగానే మొదటి రొయ్యకే 2.4 కిలోల పండుగప్ప పడింది, మధ్యాహ్నానికి పులుసైంది.

ఇక రొయ్యల గొడవ. ముందురోజు సాయంత్రం బకింగ్‌హామ్ కాలువ తూము దగ్గర విసురువలతో పట్టినవి, ఒక్కొక్కటి ఏడెనిమిది సెంటీమీటర్లు. రాత్రంతా ముత్తుకూరులో మా ఇంటి వసారాలోని తొట్టిలో, ఎయిరేటర్ (నీళ్లలోకి గాలి బుడగలు వదిలే పంపు) కింద కులాసాగా ఉన్నాయి. తెల్లవారుజామున వాటిలో 24 ఏరి, 20 లీటర్ల చొప్పున నీళ్లున్న రెండు థర్మోకోల్ పెట్టెల్లో సగం సగం వేశాను. రెండింటికీ బ్యాటరీ ఎయిరేటర్లు. మిగిలిన వాటిని తొట్టిలోనే వదిలేశాను. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మొదట అనుమానించింది వేడిని. అది కిందటిసారే తేలిపోయింది. ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు 25.5 డిగ్రీల నుంచి 29కి ఎక్కాయి. ఐసు సీసా వేసిన థర్మోకోల్ పెట్టెలో 26.5 దాటలేదు. రెండింటిలోనూ చచ్చాయి, తేడా ఇరవై నిమిషాలు. అయినా ఎండాకాలంలో 32 డిగ్రీల చెరువులో వెన్నామీ (చెరువుల్లో పెంచే రొయ్య రకం) పెరుగుతుంటే 29కే రొయ్య చస్తుందంటే ఈ జిల్లాలో ఎవరు నమ్ముతారు?

తర్వాత ఆక్సిజన్. ఆక్వా మందుల దుకాణంలో దొరికే చుక్కల కిట్‌తో చూస్తే బయలుదేరేటప్పుడు లీటరుకు 5 మిల్లీగ్రాములు, చావులు మొదలైనప్పుడు 4. రంగు పోల్చి చదివే కిట్ కాబట్టి అర పాయింటు అటూ ఇటూ ఉండవచ్చు. అయినా 4 దగ్గర రొయ్య నీరసపడదు.

మూడోది నీళ్ల మార్పు. అరగంటకోసారి మూడో వంతు నీళ్లు తీసి కొత్తవి పోయాలని అందరూ చెబుతారు. ఈసారి ఒక పెట్టెకు అలా చేశాను, రెండోదాన్ని ముట్టుకోలేదు. మార్చిన పెట్టెలోనివే ముందు పోయాయి, 8:05కే! ముట్టుకోనివి ఇంకో పాతిక నిమిషాలు నిలిచాయి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ తీసి చూస్తే కారణం కొంత కనిపించింది. పెట్టెల్లో పోసిన కాలువ నీటి ఉప్పదనం 11 పీపీటీ (వెయ్యి పాళ్లలో ఉప్పు ఎన్ని పాళ్లో ఆ లెక్క), మేము లంగరు వేసిన చోట 24. మూడుసార్లు మార్చేసరికి పెట్టెలో 20కి చేరింది. గంటన్నరలో తొమ్మిది పాయింట్లు ఎక్కితే ఏ రొయ్య తట్టుకుంటుంది? పైగా మూడోసారి తోడింది రొయ్యల చెరువుల డ్రెయిన్ కలిసే మలుపులో. అక్కడ బ్లీచింగ్ కలిసిన నీళ్లు వదులుతుంటే ఆ సంగతి నా ఆక్సిజన్ కిట్ చెప్పదు. సరే, ఒక పెట్టె లెక్క తేలింది. మరి నీళ్లు మార్చని పెట్టె ఎందుకు పోయింది?

చచ్చినవాటి తోక కండ పాలలా తెల్లబడింది. చెరువుల మీద టెక్నీషియన్‌గా పనిచేసే బావమరిదికి ఫొటో పంపాను. "బావా, ఇవి పడవలో చావలేదు, వలలోనే సగం చచ్చాయి" అన్నాడు. ఒకదాని మీద ఒకటి పడి నలిగి, నీళ్ల బయట ఎక్కువసేపు ఉంటే కండ దెబ్బతింటుందట, ఇంకో కుదుపు తగిలాక బయటపడుతుందట. వినడానికి బాగానే ఉంది. కానీ అదే వల, అదే సాయంత్రం, అదే నీళ్లు: తొట్టిలో వదిలినవి మర్నాటికీ మీసాలు తిప్పుతున్నాయి. దీనికి అతని దగ్గర జవాబు లేదు.

కాబట్టి తేడా పడవలోనే ఉంది. పడవ నడిపే తాత తీర్పు వేరు: "ఇంజన్ అదురు రొయ్యకు పడదు నాయనా. మా చిన్నప్పుడు వెదురు బుట్టలో వేసి నీళ్లలోనే వేలాడదీసేవాళ్లం." నా అనుమానం అదురు మీద కన్నా పొగ మీద. ఎయిరేటర్లు డీజిల్ ఇంజన్ పక్కన ఉన్నాయి, అవి పీల్చేది ఆ గాలినే. పొగను బుడగలు చేసి నీళ్లలోకి ఎక్కిస్తున్నాయన్నమాట. గాలి గొట్టం మూతి దగ్గర వాసన చూశాను, డీజిలే.

గాలాల సంగతి. మొన లోపలికి వంగిన సర్కిల్ గాలం 2/0 సైజు చాలు. అంతకన్నా పెద్దదైన 4/0 వేస్తే ఈ సైజు రొయ్య ఆ బరువుకు ఈదలేక కూర్చుంటుంది. ఓనర్ కంపెనీ గాలం ధర ఎక్కువే, కానీ తీగ సన్నం, కొమ్ము కింద గుచ్చితే రొయ్య ఎక్కువసేపు బతుకుతుంది. మస్టాడ్ కంపెనీది గట్టిది, దాన్ని ఎరగా గుచ్చే పెద్ద బొంత చేప పిల్లలకు ఉంచుకుంటాను. రబ్బరు రొయ్యలు వాడమని సలహా ఇచ్చేవారికి దండం. బురద నీళ్లలో వాటిని రాళ్లు మాత్రమే పట్టుకుంటాయి.

వచ్చే అమావాస్య పోటుకు ఎయిరేటర్లు పడవ ముక్కు వైపుకు మారతాయి. ఉప్పుటేరు నీళ్లు రెండు క్యాన్లు ముందే తెచ్చి, రాత్రి తొట్టిలో గంటకు రెండు మూడు పీపీటీ చొప్పున పెంచుతాను. తాత చెప్పిన బుట్ట కూడా అల్లిస్తున్నాను. ఆగినప్పుడు నీళ్లలో, కదిలేటప్పుడు పెట్టెలో. కృష్ణపట్నం పోర్టు వైపు ఎలాగూ వెళ్లం, ఏటి ఎగువకే వెళ్తాం కనుక ప్రయాణం తక్కువే. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం, మోటారు పడవలు కదలవు. అప్పుడు తెడ్డు పడవే గతి. పొగ లేదు, అదురు లేదు. అందులోనూ ఎనిమిదికి చస్తే బావమరిది గెలిచినట్టే, వల మార్చాలి.