దాది పిల్లి, కవి పిల్లి

రష్యాలోని ప్స్కోవ్‌లో బస్సెక్కి పుష్కిన్‌స్కియె గోరి చేరేసరికి సన్నని వాన పడుతోంది. అక్కడికి కొద్ది దూరంలోనే మిహైలోవ్‌స్కొయె ఉంది. జారు ప్రభుత్వం కవి అలెగ్జాండర్ పుష్కిన్‌ను 1824 ఆగస్టు నుంచి 1826 సెప్టెంబరు వరకు నిఘాలో ఉంచింది తల్లి తరఫు ఆస్తి అయిన ఈ ఎస్టేటులోనే.

ఇప్పుడున్న భవనం యుద్ధం తరువాత తిరిగి కట్టినది కాబట్టి గదులన్నీ త్వరగానే చూసేశాను. ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. పుష్కిన్ దాది అరీనా రొదియోనొవ్నాది చిన్న చెక్కపెట్టె అది. మూతకు నాణెం పట్టేంత చీలిక ఉంది. గడ్డురోజుల కోసమని, 1826 జూలై 15న చేసినదని దానిలో రాసి ఉంది. ఉత్తరాలు సైతం ఇతరుల చేత రాయించుకున్న ఆ ముసలామె వస్తువుల్లో మిగిలింది దాదాపు ఇదొక్కటే.

పెరట్లో ఆమె పేరుతో ఒక కలప ఇల్లుంది. ఒకవైపు స్నానాల గది, మరోవైపు ఆమె గది. సాయంత్రాలు దాది చెప్పే కథలు వింటున్నానని, ఒక్కొక్కటీ ఒక కావ్యమేనని పుష్కిన్ తమ్ముడికి రాశాడు. ఆయన పద్యకథలన్నీ ఆమె చెప్పినవేనని మా గైడు చెప్పుకుపోతుంటే నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది, ఎందుకంటే బంగారు చేప కథకు మూలం గ్రిమ్ సోదరుల జర్మన్ కథల్లో ఉంది. అయితే రాజు సల్తాన్ కథకు మూలమైన కథను ఆమె నోట విని పుష్కిన్ రాసుకున్న మాట నిజం.

ఆ రాతలోనే సముద్రపు ఒడ్డున ఓక్ చెట్టు, దానికి బంగారు గొలుసులు, వాటిపై నడిచే పిల్లి ఉన్నాయి. దాది పిల్లి పైకెక్కుతూ కథలు చెబుతుంది, దిగుతూ పాటలు పాడుతుంది. పుష్కిన్ దాన్ని చెట్టు చుట్టూ తిప్పాడు. కుడికి నడిస్తే పాట, ఎడమకు నడిస్తే కథ. 1820లో అచ్చయిన 'రుస్లాన్, ల్యుద్మీలా' కావ్యానికి 1828 ముద్రణలో ఈ పిల్లితోనే ముందుమాట లాంటి పద్యం చేర్చాడు. మనం కథ కంచికి పంపినట్టే రష్యన్లు 'నేనూ అక్కడున్నాను, తేనెమద్యం తాగాను' అంటూ కథ ముగిస్తారు. పుష్కిన్ ఆ మాటను తన కావ్యం మొదట్లోనే వాడి, ఈ కథ తనకు పిల్లే చెప్పిందన్నాడు.

తిరుగు ప్రయాణంలో స్వ్యతొగొర్స్క్ మఠంలో ఆయన సమాధి చూశాను. 1825 మే నెలలో ఇక్కడి సంతకు పుష్కిన్ ఎర్రచొక్కాతో, గడ్డిటోపీతో వచ్చాడని ఒక వర్తకుడు డైరీలో రాసుకున్నాడు. వేషం రైతుదే కానీ, పొడుగాటి గోళ్ళతో నారింజపండ్లు ఒలుచుకుని అరడజను దాకా ఇష్టంగా తిన్నాడట.